పేరైనా ఉంచండమ్మా!

మొన్న ఆదివారం మా పెద్దొదిన ఫోన్ చేసింది. "నీకు వాట్సాప్‌లో ఓ నవల పంపానే, చూశావా? భలే ఉంది! రాత్రి కూర్చుని చదివేశాను" అంది.

తీరిగ్గా తెరిచి చూద్దును కదా, అది నా నవలే! ఎవరో పుణ్యాత్ములు పేజీ పేజీ ఫోటో తీసి పెట్టారు. అట్ట లేదు, నా పేరున్న మొదటి పేజీ అసలే లేదు. నేను చేతికిచ్చిన పుస్తకం వదిన బీరువాలో పడుకునే ఉంది.

"దొంగతనం కాదూ ఇది?" అని మావారి మీద ఎగిరాను. ఆయన పేపరు మడిచి, "మరి మీ అమ్మగారు చేసిందేమిటోయ్?" అన్నారు.

నిజమే. అమ్మ వారపత్రికల్లోని సీరియల్ కాగితాలు దాచి, దబ్బనంతో కుట్టేది. ఆ పుస్తకం వీధంతా తిరిగి, పసుపు మరకలతో ఇల్లు చేరేది. కాకపోతే తిరిగింది ఒక్క ప్రతే. ఫోన్లో అయితే చిటికెలో వెయ్యి! పైగా అమ్మ అట్ట మీద రచయిత్రి పేరు ముత్యాల్లా రాసేది. "రాసిన తల్లి పేరు లేకపోతే ఎలాగే?" అనేది.

కోపం చల్లారక, తెలిసిన లాయరుగారిని అడిగాను. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. రచన మీద హక్కు రచయిత బతికున్నన్నాళ్ళూ, పోయాక మరో అరవై ఏళ్ళూ ఉంటుందట. మొదట్లో అది యాభయ్యే. టాగూరు 1941లో పోయారు కదా, ఆయన రచనల గడువు ముగిసే వేళకి చట్టం సవరించి, 1992లో అరవై చేశారు. ఇంకో మాట నాకు బాగా నచ్చింది. హక్కులన్నీ అమ్ముకున్నా, 'ఇది నేను రాసింది' అని చెప్పుకునే హక్కు మాత్రం రచయితకే ఉంటుందట!

"పంచాలని మీకే ఉంటే దానికీ దారుంది" అన్నారాయన. క్రియేటివ్ కామన్స్ అని, 2002లో వచ్చిన అనుమతి పత్రాలు. పేరు చెప్పాలి, అమ్ముకోకూడదు, మార్చకూడదు... ఇలా మన షరతులు మనమే ఎంచుకోవచ్చు. ఒకసారి ఇచ్చాక మాత్రం వెనక్కి తీసుకోవడం కుదరదు. కన్యాదానం లాంటిదన్నమాట!

నా మొదటి కథల పుస్తకం ఎక్కడా దొరకడం లేదు. హక్కులు నావే. బీరువాలో చెదలకి పెట్టే బదులు, పేరు చెప్పి ఎవరైనా ఉచితంగా పంచుకోవచ్చని రాసి వదిలేశాను. నవల సంగతి వేరు. ప్రచురణకర్త డబ్బు పెట్టాడు. నాకొచ్చే నాలుగు రాళ్ళూ గ్యాసు బండకైనా పనికొస్తాయి.

ఇదంతా వదినకి ఓపిగ్గా చెప్పాను. పాపం, చాలా నొచ్చుకుంది. సాయంత్రం మళ్ళీ ఫోన్.

"నీ బాధ తీర్చేశానే! మొదటి పేజీలో నీ పేరు పెద్దక్షరాలతో రాసి, అందరికీ మళ్ళీ పంపించాను!"

ఇప్పుడావిణ్ణి ఏమనాలో మీరే చెప్పండి!