కెనడా కొండలలో గుడారపు కాపురము

ఆఱు నెలలు తలుపులు బిగించుకొని చలి గడపిన కాల్గరీ పట్టణవాసులు వేసవి రాగానే ఇంట నిలువజాలరు. శుక్రవారము సాయంకాలమయినదో లేదో, మోటారుబండ్లకు పడవలను, సైకిళ్లను కట్టుకొని, గుడారములు సర్దుకొని పడమటి కొండలకు బయలుదేరుదురు. మా వారు ఉపాధ్యాయులగుటచే జూలై, ఆగస్టు మాసములు సెలవే. అయినను మూడేండ్లపాటు మేము ఆ సందడిని కిటికీలోనుండి చూచి ఊరకున్నవారమే. చిన్ననాట తాతగారియొద్ద రామాయణము చదివిన మాకు, అడవికి పోవుట యనగా రాజ్యము పోయినవారి పని. పట్టుపట్టి పోయిన ఇల్లాలు సీతమ్మవారు. ఆమె పడిన పాట్లు ఎల్లరమును ఎఱిగినవే.

ఈ భయమును మాన్పినది మా పొరుగింటి వృద్ధురాలు. సస్కాచెవాన్ గోధుమపొలముల నడుమ పుట్టి పెరిగిన ఆమె, డెబ్బదియేండ్లు దాటినను గుడారపు మేకులు తానే కొట్టుకొనును. మేమామెను పెద్దమ్మగారని పిలుతుము. ఆ మాట పలుకుట తనకు రాదు గాని, పిలిచిన పలుకును. ఆమెయు, మేమును, మా వీధిలోనే యున్న గుంటూరు వదినగారి కుటుంబమును, పిల్లలతో మొత్తము తొమ్మండుగురము, జూలై చివరివారమున యోహో జాతీయోద్యానమునకు ప్రయాణమయితిమి. ఒకేచోట నాలుగు దినములుండవలెనని పెద్దమ్మగారి శాసనము. రోజుకొక చోట గుడారము పీకువారు కొండలను గాక త్రాళ్లనే చూతురని ఆమె యనును.

కాల్గరీనుండి ఫీల్డు గ్రామము సుమారు 210 కిలోమీటర్లు. గడ్డిమైదానములు దాటగానే కొండలు ప్రాకారమువలె ఎదురై నిలుచును. 1885లో వేడినీటి బుగ్గలచుట్టు ఏర్పఱచిన చిన్న రక్షితస్థలమే పెరిగి పెద్దదయి బాన్ఫు జాతీయోద్యానమైనది. కెనడాలో ఇట్టివానిలో ఇదియే మొదటిది. ఇచ్చట రహదారికి ఇరువైపుల కంచె వేసి, అడవిమృగములు దాటుటకు వంతెనలు కట్టి, వానిపై మన్ను పోసి చెట్లు పెంచినారు. అట్టి వంతెనలు ఆఱు; దారిక్రిందనుండి పోవు మార్గములు 38. వీనివలన బండ్లు గ్రుద్దుకొని చచ్చు జంతువులు నూటికి ఎనుబదికి మించి తగ్గినవి. మనుష్యులు నడచుటకే బాటలేని ఊళ్లు చూచిన మాకు ఇది వింతగానే తోచినది.

ఆవల కికింగ్ హార్సు కనుమ. 1858లో దారులు వెదకుచు వచ్చిన జేమ్సు హెక్టరు అను వైద్యుని ఈ ప్రాంతమున ఆయన గుఱ్ఱమే తన్నగా, తోడివారు ఆయన మరణించినాడనియే తలచిరట. ఆ తన్ను పేరనే నదియు, కనుమయు వెలసినవి. ఈ కథను మా పిల్లలు నాలుగు దినములును విడువలేదు.

యోహో నది వచ్చి ఆ నదిలో కలియుచోటికి చేరువనే మా విడిది. హిమానీనదములు రాతిని నూఱి పిండిచేసి నీటిలో కలుపుటచే, ఆ నీరు బియ్యపు కడుగువలె తెల్లగా నుండును. రాత్రి తొమ్మిదిన్నరకును వెలుగు పోదు. మగవారు వరుసగా నిలిచి అంట్లు తోముట మేమక్కడనే చూచితిమి; ఇంట తోమరా యని పాఠకురాండ్రు అడుగవలదు. వంటచెఱకు అక్కడనే కొనవలెను, ఏలయన బయటి కట్టెలలో దాగిన పురుగులు అడవికి చేటు. 2024 జూలైలో కార్చిచ్చు జాస్పరు పట్టణమున ఇంచుమించు మూడవవంతు కట్టడములను కాల్చివేసినది. అందుచే బూడిదలో నీరు పోసి, చల్లాఱినదని చేతితో తాకి చూచినగాని పెద్దమ్మగారు పడుకొనరు.

ఆమె మఱియొక నియమము మాత్రము మాకు అతిగా తోచినది. తిండిపదార్థములే గాక, వంటపాత్రలు, అంట్లగుడ్డ, సబ్బు, తుదకు పండ్లు తోముకొను ముద్దయు, వాసన గలదేదియు బయట నుండరాదు. బండిలోనో, విడిదివారి ఇనుపపెట్టెలోనో పెట్టి మూయవలెను. ఇంగువ, మెంతిపొడి, పులిహోర పులుసుతో నడచు మన వంటకు ఇదెంత చిక్కో ఊహించుకొనవచ్చును.

మఱునాడు ఉప్మా తిని, సర్పిల సొరంగములు చూడబోతిమి. 1884లో ఈ నిటారు దిగుడున మొదటిసారి దిగిన పనివారి రైలు పట్టుతప్పి ముగ్గురు మరణించిరి. అయినను పాతికేండ్లు ఆ దారినే బండ్లు నడచినవి. 1909లో కొండలోపల రెండు చుట్టుసొరంగములు తొలిచి వాలును సగము చేసిరి. గంటన్నర వేచియుండగా ఒక సరకుబండి వచ్చినది. తల సొరంగమునుండి వెలువడినను తోక ఇంకను లోనికి పోవుచునేయున్నది! పెద్దలమును పిల్లలతోపాటు పెట్టెలు లెక్కపెట్టి, నూటికి పైన తప్పిపోతిమి.

తిరిగి వచ్చుసరికి బల్లమీది ఆవకాయ జాడీ లేదు. దాని చోట ఱాయిక్రింద ఒక చీటి యున్నది. వాసనగల వస్తువును విడిచిపోయినందున తీసికొనిపోయితిమనియు, కార్యాలయమునకు రావలసినదనియు దాని సారాంశము. అది మా యమ్మ చేతి ఆవకాయ. సముద్రములు దాటి వచ్చినది. మాకు మొదట కలిగినది కోపమే. అంత కారమును ఏ జంతువు నాకును? ‘జాడీ విడిచినదెవరు?’ అని మా వారడుగగా, మేము నోరు తెఱవకమునుపే వదినగారు ‘నేనే కాబోలు’ ననిరి. మేము ఊరకుంటిమి. దానిని ఉప్మాకై తీసి అక్కడ విడిచినది మా చేతులే.

కార్యాలయముననున్న అరణ్యరక్షకురాలు పాతికేండ్ల పిల్ల. చట్టప్రకారము జరిమానా 25,000 డాలర్ల వఱకు ఉండవచ్చుననియు, ఈసారికి హెచ్చరికతో విడిచెదననియు చెప్పినది. ఎలుగును రప్పించునది వాసనయట. ఒక్కమాఱు మనుష్యుల తిండి మరగినచో గుడారములను వదలదట. మొదట తఱుముదురు, దూరమునకు చేర్చుదురు. అప్పటికిని మరలి వచ్చినచో కాల్చివేయుదురు. ‘ఆ పని చేయవలసివచ్చినవారు కొన్నాళ్లు అన్నము తినలేరు’ అని ఆ పిల్ల మెల్లగా ననినది. పెద్దమ్మగారు తన బాల్యమును తలచుకొనిరి. ఆ కాలమున చెత్తకుప్పలపై ఎలుగులు తినుచుండగా చూచుట జనులకు వేడుకయట. తానును తండ్రి భుజముపైనుండి చూచి చప్పట్లు కొట్టితిననిరి.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఎలుగు వచ్చునను భయము గాదు. తెల్లవాఱి నీళ్లకు పోవునప్పుడు, ‘వదినా, ఆ జాడీ విడిచినది నేను’ అంటిమి. ‘నాకు తెలియును. అందఱి యెదుట అన్నయ్యగారు నిన్నడుగుట నాకు బాగుగా తోచలేదు’ అని ఆమె కడవ అందుకొనినది. ఉదయపు ఫలాహారమువేళ మా వారితోను చెప్పితిమి. ఆయన అంట్లు తోముచు నవ్వి ఊరకుండిరి.

మూడవనాడు టకాకా జలపాతమునకు పోతిమి. క్రీ భాషలో ఆ పేరునకు అద్భుతమని యర్థము. యోహో యనునదియు ఆశ్చర్యమున వెలువడు మాటయే. దారిలో ఒక మలుపు ఎంత ఇఱుకనగా, పొడవైన బస్సులు అచ్చట వెనుకకు నడచి ఎక్కవలెను. ఎండకు పైమంచు కరుగగా, మధ్యాహ్నమునకు ధార మఱింత బలిసినది. తుంపరలో తడిసి వణకుచు పెరుగన్నము తింటిమి.

తిరుగుదారిలో పొదలచాటున ఒక నల్ల ఎలుగుబంటి కనబడినది. ఎఱ్ఱని చిఱుపండ్ల కొమ్మను నోట పట్టి దువ్వుచున్నది. బండి ఆపవలదని పెద్దమ్మగారు చేయి చూపిరి, మెల్లగా సాగిపోతిమి. అది తలయెత్తలేదు. పిల్లలు సయితము ఊపిరి బిగబట్టి కూర్చుండిరి.

తిరిగి వచ్చుదినమున జాడీని అడిగి తెచ్చుకొంటిమి. ఇంట గుడారము ఆరవేసి, ఆవకాయను వదినగారికి సగము పంచి, ఖాళీ జాడీని కడుగబోవగా, అరణ్యశాఖవారి చీటి ఇంకను మూతకు అంటియేయున్నది. దానిని పీకవలదని వదినగారి ఆన. ఈ వేసవికి ఆ జాడీని ఇనుపపెట్టెలో పెట్టు పని ఆమెదే.