చొప్ప కుప్పలో చెయ్యి

సోమవారం పొద్దున తొమ్మిదింటికి మీటింగు. ఆ వారం ఏ పని ముందు, ఏది వెనక అన్న ప్లాను స్క్రీన్ మీద వేశారు. దాన్ని తయారుచేసింది మనిషి కాదు, మా కంపెనీ ఏడాది కిందట కొన్న ఏఐ అసిస్టెంటు. అంతా బాగానే ఉంది గానీ మూడో వరుస దగ్గర నా చూపు ఆగింది. ఈసారి వానల్లో ఆలస్యంగా కోసిన మొక్కజొన్న చొప్ప బేళ్లు చవగ్గా వస్తున్నాయట, పైలట్ ప్లాంటుకు అవి కొనొచ్చట. కింద చిన్న అక్షరాల్లో ఆధారం చూపించింది: 2016 నాటి త్రైమాసిక రిపోర్టు. అది రాసింది నేనే.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో నాకిది ఇరవయ్యో ఏడు. బాపట్ల దగ్గర పల్లెటూళ్లో పుట్టి, కెమికల్ ఇంజనీరింగు చదివి, ఎమ్మెస్‌కని ఇక్కడి ఏమ్స్ ఊరికి వచ్చాను. వచ్చిన రెండేళ్లకే, 2007లో, అమెరికా కాంగ్రెస్ ఓ చట్టం చేసింది. 2022 కల్లా ఏటా 3,600 కోట్ల గ్యాలన్ల జీవ ఇంధనాలు వాడాలి, అందులో 1,600 కోట్ల గ్యాలన్లు గింజ నుంచి కాక గడ్డీ చొప్పా కట్టెల్లాంటి పీచు సరుకు నుంచి రావాలి అని. గింజ నుంచి సారాయి, అంటే ఇథనాల్, తీయడం మనిషికి పాత విద్యే. చొప్పలోని సెల్యులోజును విరగ్గొట్టి చక్కెరగా మార్చడం, అదీ గిట్టుబాటుగా, వేరే కథ. ఆ పని చేసే ఎంజైములకు మూలమైన బూజు రెండో ప్రపంచ యుద్ధంలో సొలొమన్ దీవుల దగ్గర అమెరికా సైన్యం గుడారాలను, నూలు బట్టలను తినేస్తూ దొరికింది. సైన్యానికి శత్రువైన బూజు మాకు అన్నం పెట్టింది.

మా చుట్టుపక్కల ఎంత హడావుడి! 2014లో ఎమ్మెట్స్‌బర్గ్‌లో చొప్ప ఇథనాల్ ప్లాంటు ప్రారంభానికి నెదర్లాండ్స్ రాజుగారే వచ్చారు. 2015లో నెవాడా అనే ఊళ్లో డ్యూపాంట్ ఏటా 3 కోట్ల గ్యాలన్ల ప్లాంటు తెరిచింది. రెండేళ్లకే దాన్ని ఆపేసింది. తర్వాత ఎమ్మెట్స్‌బర్గ్ కూడా ఆగింది. 1,600 కోట్ల గ్యాలన్ల లక్ష్యం దరిదాపులకైనా ఎవరూ పోలేదు. ఇవాళ్టికీ అమెరికా ఇథనాల్ దాదాపు అంతా మొక్కజొన్న గింజదే.

అంటే మా రంగం చరిత్రలో నెగ్గినవాటి కన్నా ఓడినవే ఎక్కువ. ఆ ఓటములను కాగితం మీద మర్యాదగా చూపించడమే నాలాంటి ఆర్ అండ్ డీ మేనేజరు ఉద్యోగంలో సగం. ఈ మాట బయట ఎవరూ ఒప్పుకోరు, నేను ఒప్పుకుంటున్నాను.

2016లో ఏం జరిగిందంటే, అప్పుడు నేను పనిచేసే చోట వానకు తడిసిన చొప్ప కొన్నారు. బేళ్లతో పాటు మట్టి, గులకరాళ్లు వచ్చాయి. చొప్పను లోపలికి తోసే మర స్క్రూ అంచులు ఆ మట్టికి, రాళ్లకు రంపం పళ్లలా అరిగిపోయాయి. మిగిలిన బేళ్లు లోపల్లోపల ఉడికి, బూజుపట్టి, చక్కెర దిగుబడి పడిపోయింది. ఆరు వారాలు ప్లాంటు మూత. నిధులిచ్చేవాళ్లకు నేను పంపిన రిపోర్టులో దాని గురించి ఒకే వాక్యం: "ముడిసరుకు నాణ్యతలో స్వల్ప హెచ్చుతగ్గులు గమనించి తగిన సర్దుబాట్లు చేశాం." ఆ వాక్యం చెక్కడానికి సాయంత్రమంతా పట్టింది. మా డైరెక్టరు భుజం తట్టాడు. మరుసటి ఏడాది ప్రమోషనొచ్చింది.

ఆ ఉద్యోగం మారి వచ్చేటప్పుడు ఆ రిపోర్టులూ నాతోనే వచ్చాయి. నేను పనిచేసిన ఆ పాత యూనిట్‌ను ఇప్పటి కంపెనీ కొనేసింది, పాత ఫైళ్లన్నీ అసిస్టెంటుకు తినిపించింది. అది నా వాక్యాన్ని నమ్మింది. సర్దుబాటు చేశారు కదా, ఇక భయమేముంది అనుకుంది. తప్పు దానిదని ఎలా అనను?

యంత్రం చేతకానిదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఒకప్పుడు మా సైంటిస్టులు అయిదుగురు వారానికి పన్నెండు ప్రయోగాలు చేస్తే గొప్ప. ఏది ముందు చేయాలో నేను తేల్చేవాణ్ణి, కొంత లెక్కతో, కొంత ఎవరి గొంతు పెద్దదో చూసి. ఇప్పుడు రోబో చెయ్యి రాత్రంతా 96 గుంటల పళ్లాల్లో ద్రవాలు వంచుతుంది. తెల్లారేసరికి ఫలితాలు చూసి తర్వాత ఏ ఈస్టుకు ఏ జన్యువు మార్చాలో సాఫ్ట్‌వేరు సూచిస్తుంది. కాలిఫోర్నియా ఎమెరీవిల్‌లోని జాయింట్ బయోఎనర్జీ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2020లో ఇలాంటి సాధనమే ఒకటి ప్రచురించారు. కొద్దిపాటి డేటాతోనే సూచన ఇస్తుంది, తన సూచన మీద తనకెంత నమ్మకమో కూడా చెబుతుంది. ఆ రెండోది చూసి సిగ్గేసింది. ఇన్నేళ్లలో నా నిర్ణయాల మీద నాకెంత నమ్మకమో నేనెవరికీ చెప్పలేదు.

అయితే పళ్లెంలో నెగ్గిన ఈస్టు పదివేల లీటర్ల ట్యాంకులో నెగ్గాలని లేదు. అక్కడ నురగ పొంగుతుంది, అడుగున ఒక వేడి, పైన ఒక వేడి, ఎక్కడినుంచో ల్యాక్టిక్ బ్యాక్టీరియా దూరి మన చక్కెర తినేస్తుంది. అలా పాడైన బ్యాచ్‌లకు మా రికార్డుల్లో "రద్దు" అని ఒక మాట ఉంటుంది. కారణం ఉండదు. కారణం తెలిసిన ఆపరేటర్లలో సగంమంది మూతపడ్డ ప్లాంట్లతో పాటే వెళ్లిపోయారు.

ఇక మా ఉద్యోగాల సంగతి. నా కింద ఇద్దరు ప్రాజెక్టు మేనేజర్లు ఉండేవాళ్లు. షెడ్యూళ్లు చూడటం, ఖర్చు లెక్కలు, రిపోర్టు చిత్తుప్రతులు వాళ్ల పని. అదంతా అసిస్టెంటు చేస్తోందని పోయిన మార్చిలో ఇద్దరినీ తీసేశారు. జాబితాలో పేర్లు రాయమన్నది నన్నే. ఒకతను హెచ్1బి వీసా మీద ఉన్నవాడు, ఇంకో ఉద్యోగం వెతుక్కోడానికి అరవై రోజుల గడువు. వాళ్లింటికి వెళితే వాళ్లావిడ కాఫీ ఇచ్చింది. ఎవరం ఏమీ మాట్లాడుకోలేదు.

అలాంటి చిత్తుప్రతులు రాసే నేను ఈ పని నేర్చుకున్నాను. అబద్ధం చెప్పడమూ అక్కడే నేర్చుకున్నాననుకోండి, అది వేరు. కానీ నెలనెలా అంకెలు వరసగా పెడుతుంటేనే ఏ అంకె కింద ఏం నలుగుతోందో తెలిసేది. మా దగ్గర వరంగల్ అమ్మాయి ఒకామె ఉంది, పీహెచ్‌డీ చేసి ఇటీవలే చేరింది, మేనేజ్‌మెంట్ వైపు రావాలని ఆశ. "అన్నా, నేనేం చేస్తే మీ సీట్లకు రావచ్చు?" అని నవ్వుతూ అడిగింది. చిత్తుప్రతులు యంత్రం రాస్తోంది, నా సీటుకు వచ్చే మెట్లు నేనే తీయించాను. ఏమని చెప్పను?

ఆ సోమవారం మీటింగులో చేయెత్తి, ఆ రిపోర్టు నమ్మొద్దు, అసలు జరిగింది ఇదీ అని చెప్పాను. గది నిశ్శబ్దమైపోయింది. తర్వాత రెండు వారాలు కూర్చుని, నాకు గుర్తున్న ఓటములన్నీ రాశాను. నలభై ఒకటి తేలాయి. అసిస్టెంటుకు ఇవి కూడా పెట్టండన్నాను. లీగల్ వాళ్లు చదివి, కొన్ని వాక్యాలు పెట్టుబడిదారుల కంటపడితే బాగుండదు, కాస్త తటస్థంగా తిరగరాయండి అన్నారు. వాళ్లు పంపిన నమూనా వాక్యం చూసి నవ్వొచ్చింది. "స్వల్ప హెచ్చుతగ్గులు" అనే మాట అందులోనూ ఉంది. తిరగరాయనన్నాను. ఫైలు ఇంకా వాళ్ల దగ్గరే ఉంది.

చవక బేళ్ల ప్రతిపాదన మాత్రం కొట్టేయలేదు, చూసి చెప్పమన్నారు. నవంబరు చలిలో ఆ వరంగల్ అమ్మాయిని తీసుకుని రైతు పొలానికి వెళ్లాను. మా నాన్న వరిగడ్డి వామి వేసేటప్పుడు తడి మోపు కనిపిస్తే పక్కకు విసిరేసేవాడు. "లోపల ఉడికి అంటుకుంటుందిరా" అని, వామి వేసిన వారానికి సందులో మోచేతిదాకా చెయ్యి దూర్చి చూసేవాడు. ఇక్కడ అయిదొందల కిలోల బేళ్లు ఆరు వరసల ఎత్తున పేర్చి ఉన్నాయి. వేడి కొలిచే పొడుగు కడ్డీ ఉంది గానీ తీయలేదు. రెండు బేళ్ల నడుమ సందు చూపించాను. ఆమె గ్లౌజు తీసి చెయ్యి దూర్చింది, వెంటనే లాక్కుంది.

"అబ్బో, మస్తు వేడిగుందన్నా! బయటేమో మంచు కురుస్తాంది."

వాసన చూడమన్నాను. మాగిన పొగాకులాంటి వాసన. అప్పుడు కడ్డీ దింపి అంకె రాసుకున్నాం. కారులో కూర్చుని ఆమె ఫోనులో రెండు లైన్లు రాసింది: బేళ్లు లోపల ఉడుకుతున్నాయి, మట్టి ఎక్కువ, కొనొద్దు. నాకు చూపించి, "కింద ఎవరి పేరు పెట్టాలన్నా?" అంది.

"నీదే పెట్టమ్మా" అన్నాను.

కాసేపు ఆలోచించి, పెట్టింది.