ఫ్రిజ్ మీది చీటీ

మా ఇంట్లో తెలుగు, తమిళం రెండూ నడుస్తాయి. అమ్మది తమిళం, నాన్నది తెలుగు. మా అవ్వ పుట్టి పెరిగింది చాకలిపేటలోనే. తమిళం గడగడా మాట్లాడుతుంది గానీ ఒక్క అక్షరం చదవలేదు. అందుకే ఇంటికి తమిళంలో ఏ కాగితం వచ్చినా అవ్వకి చదివి చెప్పే పని చిన్నప్పట్నుంచీ నాదే.

2022 ఫిబ్రవరిలో చెన్నై కార్పొరేషన్ ఎన్నికలు వచ్చినప్పుడు నేను పదకొండో తరగతి. అంతకు ముందు ఆ ఎన్నికలు జరిగింది 2011లో. 2016లో గడువు తీరాక అయిదేళ్లకు పైగా కౌన్సిలర్లే లేరు, అధికారులే అన్నీ చూసుకున్నారు. ఆరో తరగతి నుంచి పదకొండుకి వచ్చేదాకా ఆ మాటే నేను ఇంట్లో వినలేదు. జనానికి ఆసక్తి తగ్గిందంటే తగ్గదా మరి? నాన్న అయితే "కౌన్సిలరుకి వేస్తే ఏమొస్తుంది" అని ఆ రోజు పడుకునే ఉన్నాడు. అమ్మ ఓటు ఇంకా పుట్టింటి ఊళ్లోనే ఉంది.

అవ్వ మాత్రం నాలుగు రోజుల ముందే చీర ఉతికి పెట్టుకుంది. ఎందుకంటే అంతకు ముందు నవంబరు వానలకి కాలవ నీళ్లు మా వంటింట్లోకి వచ్చాయి. గ్యాస్ సిలిండర్ మంచం మీద, అవ్వ కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని రెండు రాత్రులు. "ఢిల్లీ వాడొచ్చి మన కాలవ తీస్తాడా? ఇదే మన ఓటు" అనేది. 2011లో మేయరుకి కూడా నేరుగా వేశారట. ఈ తడవ మేయర్ని కౌన్సిలర్లే ఎన్నుకుంటారని చెబితే "అదేం అన్యాయం, నా ఓటు ఒకటి తగ్గించేశారా!" అని కోప్పడింది.

19వ తేదీ శనివారం. "చీటీ చూసుకుని తీసుకెళ్లు" అని చెప్పి అమ్మ పనికి పోయింది. చీటీ ఫ్రిజ్ మీదే ఉంది. నేను ఫోన్ చూస్తూ పదకొండు దాకా కూర్చున్నాను. తర్వాత చీటీ సంగతి మరిచి, ముందు ఏడాది అసెంబ్లీకి ఓటేసిన స్కూలుకే అవ్వని నడిపించుకుపోయాను. ఎండలో అరగంట వరస. లోపల జాబితా అంతా వెతికి, పేరు లేదన్నారు. చీటీ ఏది అని అడిగారు. ఈసారి మా వార్డుకి బూత్ వేరే స్కూలు, మెయిన్ రోడ్డు అవతల, ఇంకో కిలోమీటరు.

అవ్వ మెట్ల మీద కూర్చుంది. మోకాళ్లు వాచిపోయాయి. ఆటోకి నా దగ్గర డబ్బుల్లేవు. ఒక పార్టీ అబ్బాయి మా ఆటోలో దించుతాం రండి అన్నాడు. "వాడి బండెక్కితే వాడికే వేశాననుకుంటారు. పోదాం పద పాపా" అంది. సాయంత్రం వద్దామన్నాను. సాయంత్రం ఆమె లేవలేకపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితేనే బాగుండేది.

రాష్ట్రంలో పట్టణాలన్నీ కలిపితే నూటికి 60 మంది దాకా ఓటేశారు, చెన్నైలో 44 మంది కూడా వెయ్యలేదు. పట్నం వాళ్లకి బద్ధకం అని క్లాసులో అందరూ అంటుంటే నేను తల వంచుకుని కూర్చున్నాను. వెయ్యని వాళ్లలో మా నాన్న ఉన్నాడు, సరే. అవ్వ కూడా ఉంది.

2024 ఏప్రిల్‌లో లోక్‌సభకి నేను మొదటిసారి ఓటేశాను. నీలం మీట నొక్కాను, పక్కన గాజు వెనక ఏడు సెకన్లు చీటీ కనిపించింది, బీప్ మంది. అంతే! 1996లో మన తమిళనాడులోనే మొడక్కురిచ్చిలో 1,033 మంది పోటీ చేస్తే బ్యాలెట్‌ని పుస్తకంలా కుట్టాల్సి వచ్చింది. దానితో చూస్తే ఇదొక పనా! ఆ మీట దాకా అవ్వని తీసుకుపోవడమే నాకు చేతకాలేదు. ఈసారి మాత్రం చీటీ రెండుసార్లు చదివి, ఆటోలో తీసుకెళ్లాను. అవ్వ బయటికొచ్చి సిరా వేలు ఊదుకుంటూ అడిగింది:

"మున్సిపాల్టీ ఓటు మళ్లీ ఎప్పుడే?"

"2027 అవ్వా."

"స్కూలు ఏదో ముందే చూసి పెట్టు."