దారి ఒక్కరి చేతిలోనే ఉంటే చాలదు



మేము సేవ చేస్తున్న కండ్లకోయ గ్రామము, ఉత్తరము నుండి హైదరాబాదుకు వచ్చేవారికి గుమ్మము వంటిది. నిజామాబాదు, కామారెడ్డి వైపు నుండి వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి మేడ్చల్ దాటిన తరువాత ఇక్కడ ఔటర్ రింగు రోడ్డును కలుస్తుంది. పల్లెల నుండి ఈ దారిన వచ్చే కుటుంబములు ఎక్కువగా పెద్దాసుపత్రికో, పిల్లల పరీక్షకో, ఉద్యోగపు ఇంటర్వ్యూకో వస్తాయి. అటువంటి రోజున దారి తప్పితే ఓ.పి. చీటీలిచ్చే వేళ దాటిపోతుంది, పరీక్ష హాలు తలుపు మూస్తారు.

ఇప్పుడు ఫోనులోనే పటము ఉన్నది గదా, పేర్లు తెలుగులో కూడ కనబడుచున్నవి గదా అని యౌవనస్థులు మాతో అంటారు. నిజమే, అది మంచి సాధనమే. అయితే మేము గమనించినది ఒకటి ఉన్నది. ఇంటి నుండి నలుగురు బయలుదేరితే దారి ఒక్క కుమారుని ఫోనులోనే ఉంటుంది. మిగిలిన ముగ్గురు అతని వెనుక నడుస్తారు.

మాకు తెలిసిన ఒక కుటుంబము తండ్రికి మూత్రపిండముల వ్యాధి చూపించుటకు నగరములోని ఒక ఆసుపత్రికి వెళ్లినది. కుమారుడు తండ్రితో లోపల ఉండగా తల్లి మందుల కొరకు రోడ్డు దాటినది. తిరిగి వచ్చేసరికి ఏ గేటు నుండి బయటికి వచ్చినదో ఆమెకు తెలియలేదు. చేతిలో ఫోను లేదు, కుమారుని నంబరు నోటికి రాదు, ఆసుపత్రి పేరు ఆమెకు "పెద్దాసుపత్రి" అని మాత్రమే తెలుసు. రెండు గంటలు తిరిగిన తరువాత ఒక ఆటో డ్రైవరు ఆమె చేతిలోని మందుల చీటీ చదివి గేటు దగ్గర దింపినాడు. ఆ రోజు ఆమెకు ఆ చీటీయే పటము.

గనుక మేము మా సంఘములో ప్రయాణమయ్యేవారికి చెప్పేది ఒక్కటే: దారి ప్రతి ఒక్కరి దగ్గర కాగితము మీద ఉండాలి. పెద్ద పటము అక్కరలేదు. నోటుబుక్కు కాగితము చాలును.

ఆ కాగితము వ్రాసే ముందు, మనకు తెలిసిన గుర్తులు ఏనాటివో చూడాలి. గాంధీ ఆసుపత్రి ఒకప్పుడు సికింద్రాబాదు రైలు స్టేషను దగ్గర ఉండేది. 2003లో ముషీరాబాదులో పాత జైలు ఉన్న స్థలమునకు మారినది. విమానాశ్రయము 2008లో బేగంపేట నుండి శంషాబాదుకు వెళ్లినది. మా కండ్లకోయ కూడ పాత పటములలో రంగారెడ్డి జిల్లాలో ఉంటుంది, 2016 నుండి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉన్నది. ఎప్పుడో నగరమునకు వచ్చి వెళ్లిన పెదనాన్నగారు చెప్పే గుర్తులను గౌరవముతో వినండి, కాని ఒకసారి సరిచూచుకొనండి.

రెండవది, పేరు పూర్తిగా వ్రాయండి. మెట్రో రైలులో గాంధీ హాస్పిటల్ స్టేషను ఆకుపచ్చ లైను మీద ఉన్నది. గాంధీ భవన్ స్టేషను ఎరుపు లైను మీద నాంపల్లి ప్రక్కన ఉన్నది. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషను కోఠిలో ఉంటే, ఉస్మానియా విశ్వవిద్యాలయము తార్నాక వైపు ఉన్నది. "గాంధీ", "ఉస్మానియా" అని సగము పేరు అడిగితే ఎదుటివారు తమకు తోచినది చూపిస్తారు. దమస్కులో అననీయకు దొరికిన చిరునామా చూడండి: వీధి పేరు, ఇంటివాని పేరు, వెదకవలసిన మనిషి పేరు, మూడూ ఉన్నవి.

మూడవది, ఏ వైపుకు పోవాలో వ్రాయండి. జూబ్లీ బస్ స్టేషనులో దిగి పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి పోవాలంటే కాగితము ఇట్లుంటుంది: పరేడ్ గ్రౌండ్ స్టేషనులో రాయదుర్గం వైపు నీలి లైను, అమీర్‌పేటలో దిగి ఎల్.బి. నగర్ వైపు ఎరుపు లైను, తరువాతి స్టేషనే పంజాగుట్ట. వైపు వ్రాయకపోతే సరియైన స్టేషనులోనే తప్పు బండి ఎక్కుతాము.

సొంత బండిలో వచ్చేవారికి ఇది మరీ అవసరము. ఔటర్ రింగు రోడ్డు నగరము చుట్టూ 158 కిలోమీటర్ల వలయము. మేడ్చల్ వైపు నుండి వచ్చి ఎక్కితే తూర్పున శామీర్‌పేట, ఘట్‌కేసర్ వస్తాయి, పడమర దుండిగల్, పటాన్‌చెరు వస్తాయి. వలయము గనుక ఎటు పోయినా శంషాబాదు వస్తుంది, అయితే పడమర దారియే దగ్గర. దిగవలసిన చోటు దాటితే మధ్యలో వెనుకకు తిరుగుటకు వీలులేదు, తరువాతి ఎగ్జిట్ దాకా పోవలసినదే. మోటారు సైకిళ్లను ఈ రోడ్డు మీదికి రానివ్వరు. గనుక ఫోనులో దారి అడిగేటప్పుడు కారు గుర్తు కాక బండి గుర్తు నొక్కండి. సిగ్నలు ఉన్నప్పుడే నగర పటమును ఫోనులో దింపుకొంటే నెట్టు లేనిచోట కూడ అది కనబడుతుంది.

ప్రయాణమునకు ముందు రాత్రి, భోజనమైన తరువాత అందరూ కలిసి కూర్చుండి ఈ కాగితము వ్రాయండి. ఒక ప్రక్క పోవు దారి, రెండవ ప్రక్క తిరుగు దారి, అడుగున రెండు ఫోను నంబర్లు. ఎంతమంది వెళ్లుచున్నారో అన్ని ప్రతులు వ్రాసి, ఒకటి అమ్మ కొంగున, ఒకటి తాతగారి జేబులో, ఒకటి పిల్లవాని సంచిలో పెట్టండి. చదువు రాని అమ్మకు చదివి వినిపించి, ఆమె చేత మరల చెప్పించండి. దారిలో విడిపోయినా, ఆ కాగితము ఎవరికి చూపినా వారు ఆమెను సరియైన గేటుకు చేర్చగలరు.