చిటికెడు ఇసక

మైక్రోస్కోపు కింద మొదటిసారి చూసినప్పుడు అది పురుగనుకోలేదు. కళ్లజోడు పెట్టె ఆకారంలో ఇసక ముద్ద. ఐదు మిల్లీమీటర్లు కూడా లేదు. కాసేపటికి ఒక కొసన చిన్న తల బయటికొచ్చింది. తర్వాత కాళ్లొచ్చాయి. ఇంటిని ఈడ్చుకుంటూ నడక మొదలుపెట్టింది.

పేరు హైడ్రోప్టిలా. నీరు, ఈక అనే రెండు గ్రీకు మాటల కలయిక. 1819లో స్వీడన్ శాస్త్రవేత్త డాల్మన్ ఈ ప్రజాతికి పెట్టిన పేరు. ఎమ్మెస్సీ ఫీల్డ్‌వర్క్‌కి వెళ్లి, అరకు దగ్గర ఓ గెడ్డలో రాయి తిరగేసి పట్టుకొచ్చాం.

పిల్లపురుగుగా దీనికి ఐదు దశలు. మొదటి నాలుగింటిలో ఇల్లుండదు. నాచుపోగుల్ని గుచ్చి లోపలి రసం పీలుస్తూ తిరుగుతుంది. ఐదో దశలోనే నోటినుంచి పట్టుదారం తీసి, ఒక్కో రేణువూ అతికించి, రెండు పలకల గూడు కడుతుంది. చివరికి ఆ గూటినే రాతికి బిగించి, లోపలే ప్యూపా అవుతుంది. అందులోంచి రెక్కలనిండా నూగుతో బయటికొస్తుంది.

ఆ రాత్రి నాన్న ఫోన్ చేశాడు.

"ఏటి సూసినావమ్మా ఈయేల?"

"పురుగు నాన్నా. ఇసకతో ఇల్లు కట్టుకుంటాది."

"ఎంత ఇసకేటి?"

"చిటికెడు కూడా పట్టదు."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

మా నాన్నది ఇసక ట్రాక్టరు. మా డాబా, అక్క పెళ్లి, నా చదువు అన్నీ మా ఊరి గెడ్డలోంచి వచ్చినవే. చిన్నప్పుడు నేను మోకాలిలోతు నీళ్లలో ఆడిన చోట ఇప్పుడు మనిషి మునిగే గోతులు. తవ్వినప్పుడు లేచిన బురద రాళ్లమీద పేరుకుంటే నాచు బతకదు. నాచు లేకపోతే దీనికి తిండి లేదు. ఇదంతా పరీక్షలో రాయడం నాకొచ్చు. నాన్నకి చెప్పడమే రాదు. ఆయన పెద్దగా వాదించడు. "మరి నీ ఫీజో?" అంటాడు, అంతే.

దసరా సెలవులకి ఇంటికెళ్లినప్పుడు గెడ్డలో దిగాను. గోతుల దగ్గర ఎన్ని రాళ్లు తిరగేసినా బురదే. తవ్వకాలు చేరని పైవైపు మాత్రం ఒక రాతికి గూడు దొరికింది. నాన్నని పిలిచి లెన్స్ చేతికిచ్చాను. చాలాసేపు చూశాడు.

"మంచి మేస్త్రే" అన్నాడు. ఇంకేం అనలేదు.

మర్నాడు తెల్లారకముందే ట్రాక్టరు స్టార్టయిన చప్పుడు వినబడింది. లేచి ఏదో ఒకటి చెబుదామనుకున్నాను. ఫీజు గడువు ఆ వారమే. దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను.