ఆరు పళ్ళ విభాగం

సంక్రాంతి ముందు గుంటూరు, ప్రకాశం జిల్లాల వైపు వెళ్తే రోడ్డు పక్కన ఎడ్ల బండలాగుడు పోటీల ఫ్లెక్సీలు కనిపిస్తాయి. రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం, ఆ పైన సీనియర్స్. ఎద్దుకి బర్త్ సర్టిఫికెట్ ఉండదు కాబట్టి నోరు తెరిచి చూస్తారు. కింది దవడలో ముందున్న పాలపళ్ళు జతలు జతలుగా ఊడి, వాటి చోట పెద్ద పళ్ళు వస్తాయి. ఎన్ని వచ్చాయో చూస్తే వయసు తెలిసిపోతుంది. సంతలో బేరగాడి మాట నమ్మని రైతు కూడా పన్ను మాట నమ్ముతాడు.

ఈ లెక్క కుదరడానికి కారణం, చూస్తున్నది ఎద్దుని అని రైతుకి ముందే తెలియడం. ఎద్దుకి ఏ పన్ను ఎప్పుడొస్తుందో తరాలుగా చూసిన అనుభవం అది. అదే, ఇప్పుడు భూమ్మీద లేని జీవి దవడ తెచ్చి చేతిలో పెడితే? దాని పళ్ళు ఎప్పుడొచ్చేవో చూసినవాళ్ళెవరూ లేరు. అప్పుడు ఎవరి లెక్క వాడాలి? మన పూర్వీకుల శిలాజ పళ్ళ గురించి దొరికింది దొరికినట్టు చదువుతూ వస్తున్న నాకు, ఆ శాస్త్రంలో జరిగిన పెద్ద గొడవలన్నీ ఈ ప్రశ్న దగ్గరికే వస్తాయనిపిస్తుంది.

1924లో దక్షిణాఫ్రికాలో టాంగ్ దగ్గర సున్నపురాయి క్వారీలో ఒక చిన్న పుర్రె దొరికింది. మరుసటి ఏడు రేమండ్ డార్ట్ దానికి ఆస్ట్రలోపితికస్ ఆఫ్రికానస్ అని పేరు పెట్టాడు. పాలపళ్ళు ఇంకా ఉన్నాయి, మొదటి శాశ్వత దవడపళ్ళు అప్పుడే పైకొచ్చాయి. మన పిల్లలకి అవి ఆరేళ్ళకొస్తాయి. కాబట్టి టాంగ్ బిడ్డ ఆరేళ్ళకి చనిపోయిందన్నారు. ఆ అంకె అరవయ్యేళ్ళ పాటు నిలిచింది. 1985లో టిమ్ బ్రోమేజ్, క్రిస్టఫర్ డీన్ అలాంటి శిలాజ పళ్ళ మీది పెరుగుదల గీతలు లెక్కపెట్టారు. తేలిందేమిటంటే, ఆ దశలో ఉన్న పిల్లల వయసు మూడేళ్ళ పైచిలుకు మాత్రమే. చింపాంజీ పిల్లల్లాగే వాళ్ళూ గబగబా ఎదిగారు. మనిషికి ప్రత్యేకమనుకునే సుదీర్ఘ బాల్యం అప్పటికింకా మొదలవలేదు. అన్నాళ్ళూ పన్ను తన లెక్క తను చెబుతూనే ఉంది. మనమే మన పిల్లల లెక్కతో చదివాం.

ఆ గీతల సంగతి కొంచెం చెప్పాలి. చెట్టుకి ఏడాదికో వలయం పడినట్టు, పన్ను తయారవుతున్నప్పుడు ఎనామిల్‌లో రోజుకో సన్నటి గీత పడుతుంది. వారం పది రోజులకోసారి కాస్త ముదురు గీత. ఎముక అలా కాదు. ఒంట్లో ఉన్నన్నాళ్ళూ అది కరుగుతూ, కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఎముక డేటాబేస్, పాత విలువ చెరిపేసి కొత్తది రాస్తుంది. ఎనామిల్ లాగ్ ఫైల్, రాసింది ఇక దిద్దదు. పైగా ఒంట్లో అన్నిటికన్నా గట్టిది అదే, దాదాపు 96 శాతం ఖనిజం. అందుకే మిగతా దేహమంతా మట్టిలో కలిసినా పళ్ళు మిగులుతాయి.

ఫ్రాన్స్‌లో పేర్ అనే చోట దొరికిన ఇద్దరు నియాండర్తల్ పిల్లల పళ్ళని టాన్యా స్మిత్ బృందం ఇలాగే చదివింది. 2018లో వచ్చిన పేపరది. పళ్ళ వయసు దాదాపు రెండున్నర లక్షల ఏళ్ళు. ఒక బిడ్డ వసంతంలో పుట్టింది, రెండున్నరేళ్ళు తల్లిపాలు తాగింది. ఇద్దరి ఒంట్లోకీ సీసం చేరింది. చలికాలాల్లో ఒళ్ళు కుదురుగా లేని గుర్తులున్నాయి. పాలు మాన్పించిన సంగతి బేరియం చెప్పింది, ఋతువుల సంగతి ఆక్సిజన్ ఐసోటోపులు చెప్పాయి.

మా అమ్మాయికి మొన్నీమధ్య కింది ముందుపన్ను ఊడింది. మా అమ్మ ఫోన్లో, పేడలో పెట్టి ఇంటిమీదకి విసరమంది. మేముండేది తొమ్మిదో అంతస్తు, పేడా లేదు, విసరడానికి ఇంటి కప్పూ మాది కాదు. పన్ను ఒక కుంకుమ భరిణెలో పెట్టాం. పాలపళ్ళ ఎనామిల్ కడుపులో ఉండగానే మొదలవుతుందనీ, పుట్టిన కుదుపుకి ఒక గీత పడుతుందనీ దానికి చెప్పాను. గీతకి ఈవైపు అమ్మ కడుపులో ఉన్నప్పటిది, ఆవైపు బయటికొచ్చాక పెరిగింది. అది పన్నుని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు వెతికింది. కోసి మైక్రోస్కోపు కింద పెడితేగానీ కనపడదంటే, "వద్దులే" అని మళ్ళీ భరిణెలో పెట్టేసింది.

వయసు చదవడంలో ఒక చిక్కు. తిండి చదవడంలో ఇంకో చిక్కు. 1959లో టాంజానియాలోని ఓల్డువాయ్‌లో మేరీ లీకీకి ఒక పుర్రె దొరికింది. ఇప్పుడు దాన్ని పారాంత్రోపస్ బోయిసై అంటారు. మన దవడపళ్ళు దానివాటి పక్కన చిన్నపిల్లల పళ్ళలా ఉంటాయి. మందమైన ఎనామిల్, బండ దవడ. ఇంకేం, గట్టి గింజలు పటపటా కొరికి తినేదనుకుని 'నట్‌క్రాకర్ మ్యాన్' అన్నారు. 2008లో పీటర్ ఉంగర్, ఫ్రెడరిక్ గ్రైన్, మార్క్ టీఫోర్డ్ ఆ జాతి పళ్ళ ఉపరితలం మీది సూక్ష్మమైన అరుగుదల చూశారు. గట్టివాటిని కొరికితే పడాల్సిన గుంటలు వాటిమీద లేవు. 2011లో థూర్ సెర్లింగ్ బృందం కార్బన్ ఐసోటోపులు కొలిచింది. తిండిలో నాలుగింట మూడొంతులకి పైగా గడ్డి, తుంగ లాంటి మొక్కల నుంచి వచ్చిందేనని తేలింది.

ఈ కార్బన్ లెక్క మనకి దగ్గరిదే. జొన్న, సజ్జ లాంటివి ఒక రకంగా కార్బన్‌ని పట్టుకుంటాయి, వరి ఇంకోరకంగా. తేడా తిన్నవాళ్ళ పళ్ళలో మిగిలిపోతుంది. జొన్న సంగటి తిని పెరిగిన మా తాత దవడపన్నూ, వరన్నం తిని పెరిగిన నా దవడపన్నూ పక్కపక్కన పెడితే ఆకారంలో తాతామనవళ్ళం అని తెలుస్తుందేమో. మా ఇంటి కంచంలోంచి జొన్న ఎప్పుడు పోయిందో ఆకారం చెప్పదు. పన్ను ఆకారం తరతరాల ఆస్తి. దానిమీది గీతలు, దానిలోని కార్బన్ ఆ ఒక్క మనిషి బతుకు. బోయిసై విషయంలో చేతికున్న పనిముట్టుని చూసి, చేసిన పని ఏమిటో చెప్పేశారు.

ఇక మనవైపు కథ. 1932లో యేల్ విద్యార్థి ఎడ్వర్డ్ లూయిస్‌కి శివాలిక్ కొండల్లో, ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని హరితల్యాంగర్ దగ్గర, ఒక పై దవడ ముక్క దొరికింది. కుడివైపు కొంచెం, అందులో కొన్ని పళ్ళు. రామాపితికస్ అని పేరు పెట్టాడు. అక్కడి శిలాజాలకి మన దేవుళ్ళ పేర్లు పెట్టడం అప్పటి అలవాటు. శివాపితికస్, బ్రహ్మపితికస్, చివరికి సుగ్రీవపితికస్ కూడా. 1960లలో ఎల్విన్ సైమన్స్, డేవిడ్ పిల్‌బీమ్ ఈ రామాపితికస్ మనిషి వంశంలో మొదటివాడని గట్టిగా వాదించారు. కోరపన్ను చిన్నది, ఎనామిల్ మందం, దవడ వంపు మనదిలాగే గుండ్రం. ఆ వంపు తేల్చాల్సిన నడిమి భాగం అసలు దొరకనే లేదు. లేనిచోట మన దవడని ఊహించి గీశారు.

1967లో విన్సెంట్ సారిచ్, అలన్ విల్సన్ రక్తంలోని ప్రొటీన్లు పోల్చి, మనిషీ చింపాంజీ విడిపోయి 50 లక్షల ఏళ్ళే అయిందన్నారు. అంతకన్నా ఎంతో పాతదైన రామాపితికస్ మన వంశంలో పట్టదు. పళ్ళవాళ్ళు ఒప్పుకోలేదు. గొడవ తెగింది 1982లో, పాకిస్తాన్‌లోని పొట్వార్ పీఠభూమిలో దొరికిన శివాపితికస్ ముఖాన్ని ప్రకటించినప్పుడు. అది అచ్చం ఒరాంగుటాన్ ముఖం. ప్రకటించింది పిల్‌బీమే. తను పేరు తెచ్చుకున్న వాదాన్ని తన చేత్తోనే పక్కన పెట్టాడు. రామాపితికస్ అనుకున్నవి శివాపితికస్‌లో ఆడవాటి చిన్న దవడలే అన్నారు. ముందు పెట్టిన పేరే చెల్లుతుందన్న నియమం ప్రకారం 1910 నాటి శివుడిలో 1934 నాటి రాముడు కలిసిపోయాడు. హరిహరనాథుణ్ణి కొలిచిన తిక్కన ఉంటే సంతోషించేవాడు.

మన పాఠ్యపుస్తకాలు మాత్రం అంత తొందరగా ఒప్పుకోలేదు. రామాపితికస్ ఎక్కువ మనిషి పోలికతో ఉండేదని ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకంలో ఈ శతాబ్దంలోనూ పిల్లలు చదువుకున్నారు. మన గడ్డ మీద, మన దేవుడి పేరుతో మొదటి మనిషి. వదులుకోవడం కష్టమే.

అప్పుడప్పుడు పుస్తకాల మీద నాలుగు మాటలు రాస్తుంటాను కాబట్టి ఈ కథ నన్ను వదలదు. ఒక కవి పుస్తకాలన్నీ దొరకవు. దొరికిన ఒక్క సంపుటి, నాలుగైదు కవితలు పెట్టుకుని మనిషి మొత్తాన్ని గీసేయాలనిపిస్తుంది. దొరకని సగం దగ్గర చెయ్యి దానంతటదే నాకు తెలిసిన వంపు తిరుగుతుంది. దొరికిన పళ్ళు ఇవి, ఇక్కడ దవడ విరిగిపోయింది అని రాసి ఆపడానికి సైమన్స్ లాంటి పండితుడికే మనసొప్పలేదు.

లూయిస్ తవ్వితీసిన ఆ ముక్క యేల్ మ్యూజియం సేకరణలోదే. కోరపన్ను ఉండాల్సిన చోట గుంట మాత్రమే ఉంది.