మిట్టమధ్యాహ్నం ఆట

కథలోనూ కవిత్వంలోనూ దాక్కున్న పురుషాధిక్యతను పట్టుకోవడం మనం కష్టపడి నేర్చుకున్నాం. ఆటల పోటీల టైమ్‌టేబుల్‌ను కూడా అదే శ్రద్ధతో చదవాలని నాకు నేర్పింది ఒక ఫుట్‌బాల్ టోర్నమెంట్.

కొన్నేళ్ల కిందట జిల్లా డిగ్రీ కాలేజీల క్రీడోత్సవాలు మా కాలేజీలో జరిగాయి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగు పందాలు, ఫుట్‌బాల్. ఏడు రోజుల పండగ. మహిళా అధ్యాపకులను మామూలుగానే ఆహ్వాన సంఘంలోనూ భోజనాల సంఘంలోనూ వేశారు. నన్ను ఫిక్స్చర్ల కమిటీలో వేయమని అడిగాను. "అదంతా లెక్కల పని మేడమ్, తలనొప్పి" అన్నారు ఫిజికల్ డైరెక్టర్ గారు. మూడువందల మందికి ఉప్మా లెక్క వేయగలిగినవాళ్లకు టీముల లెక్క తలనొప్పి ఎందుకవుతుందో ఆయన చెప్పలేదు. పేరు మాత్రం రాసుకున్నారు.

పెద్ద క్రీడోత్సవంలో ఫుట్‌బాల్ సంసారమంతా వెంటేసుకుని దిగిన చుట్టం లాంటిది. ఈరోజు తొంభై నిమిషాలు పరిగెత్తిన పిల్లలు రేపు మళ్లీ ఆడలేరు, మధ్యలో విశ్రాంతి కావాలి. పచ్చిక నలిగిపోతుంది. పరుగుల ట్రాక్ మధ్యలోనే ఫుట్‌బాల్ మైదానం ఉంటుంది కాబట్టి జావెలిన్ విసిరేటప్పుడు బంతి తన్నడం కుదరదు. అందుకే ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ ప్రారంభోత్సవం కంటే ముందే, చాలావరకు వేరే ఊళ్లలో మొదలైపోతుంది. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం జూలై 27న. కానీ ఆ క్రీడల్లో మొట్టమొదటి ఆట జూలై 25న కార్డిఫ్‌లో ఆడవాళ్లు ఆడిన ఫుట్‌బాల్ మ్యాచ్.

మా దగ్గర మగపిల్లల జట్లు పదహారు, ఆడపిల్లల జట్లు ఆరు. ఒకటే మైదానం. ఉదయం ఏడు, తొమ్మిదిన్నర, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం నాలుగు – రోజుకు నాలుగు వేళలు. నా చేతికి వచ్చిన ముసాయిదాలో ఆడపిల్లల ఏడు ఆటలూ, ఒక్కటి కూడా తప్పకుండా, పన్నెండింటికే ఉన్నాయి. ఫిబ్రవరి చివరి వారం. పైగా ఆరో రోజు ఆడిన జట్టు ఏడో రోజు ఫైనల్ ఆడాలి. మగపిల్లలకు మాత్రం సెమీఫైనల్‌కూ ఫైనల్‌కూ మధ్య ఒక రోజు ఖాళీ ఉంది.

అడిగితే ఎవరూ దురుసుగా మాట్లాడలేదు. సాయంత్రం జనం మగపిల్లల ఆటకే వస్తారన్నారు. చీకటిపడితే ఆడపిల్లలను ఇళ్లకు ఎవరు చేరుస్తారన్నారు. భద్రత పేరుతో సాయంత్రాన్ని తీసేసుకుని, ఎండను మన వాటాగా పంచడం ఎంత సున్నితంగా జరుగుతుందో చూడండి. మన ఇళ్లలో వడ్డన కూడా ఇలాగే కదా. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది మనది.

1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో ఆడవాళ్ల ఫుట్‌బాల్ చూడటానికి దాదాపు 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఆడవాళ్లను ఆడొద్దని అనలేదు. తన సభ్య క్లబ్బుల మైదానాలు వాళ్లకు ఇవ్వొద్దని అంది. ఆ ఒక్క మాటతో దాదాపు యాభై ఏళ్లు గడిచిపోయాయి. చోటు, వేళ – ఈ రెండూ చేతిలో ఉన్నవాళ్లకు నిషేధం అనే మాట వాడాల్సిన అవసరమే రాదు.

ఒలింపిక్స్‌లో మగవాళ్ల ఫుట్‌బాల్ 1900లోనే మొదలైంది. ఆడవాళ్లకు 1996లో అట్లాంటాలో చోటు దొరికింది. అప్పుడు మగవాళ్ల జట్లు 16, ఆడవాళ్లవి 8. తర్వాత 10 అయ్యాయి, 12 అయ్యాయి. 2003లో హైదరాబాద్‌లో ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగినప్పుడు హాకీ ఇద్దరికీ ఉంది, ఫుట్‌బాల్ మగవాళ్లకే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కెనడా, స్వీడన్ ఆడవాళ్ల ఫైనల్‌ను వేసవిలో ఉదయం పదకొండింటికి పెట్టారు. ఆ ఎండలో ఆడలేమని రెండు జట్లూ అడిగితే చివరి ఘడియలో రాత్రి తొమ్మిదింటికి మార్చారు. ప్రధాన స్టేడియంలో ఆ రాత్రి అథ్లెటిక్స్ ఉండటంతో ఆటను యొకోహామాకు తరలించారు. మా జిల్లా మైదానం గొడవా అదే!

నేను ఒక రాత్రంతా కూర్చుని కొత్త పట్టిక వేశాను. మూడేసి జట్లతో రెండు గ్రూపులు. ఒకటి, మూడు, ఐదు రోజుల్లో ఆడపిల్లలకు రెండేసి ఆటలు, ఉదయం ఏడింటికి ఒకటి, సాయంత్రం నాలుగింటికి ఒకటి. అందరికీ మధ్యలో ఒక రోజు విశ్రాంతి. ఈ సర్దుబాటులో మగపిల్లల సెమీఫైనల్ ఒకటి పన్నెండింటికి పడింది. "ఎండలో పిల్లలు ఎలా ఆడతారు మేడమ్?" అన్నారు ఒక కమిటీ సభ్యులు. అన్ని మీటింగుల్లోనూ ఎండ అనే మాట వినబడటం అదే మొదటిసారి. ఆ సెమీఫైనల్ నాలుగో రోజు సాయంత్రానికి జరిగింది. ఇళ్లకు చేర్చడమనే సమస్యకు కాలేజీ బస్సు షెడ్డులోనే ఉంది. డ్రైవరు గారికి ఓవర్‌టైమ్ ఇస్తే సరిపోయింది.

మూడో రోజు సాయంత్రం కొందరు తల్లులు వచ్చారు. మిషన్ ఆపేసి వచ్చిన ఒకావిడ కూతురి ఆట కంటే గట్టు మీద అమ్మాయిల కేకలనే ఎక్కువగా విన్నది. "ఇంత గట్టిగా అరవనిస్తారా వీళ్లని?" అని నన్ను అడిగింది. ఆ ప్రశ్నలో ఆశ్చర్యం ఎంతో, అసూయ ఎంతో నేను తేల్చుకోలేకపోయాను.

ఫైనల్ వేళ మాత్రం నేను గెలుచుకోలేకపోయాను. ముఖ్య అతిథి సాయంత్రం వస్తారు కాబట్టి సాయంత్రం మగపిల్లలకే అన్నారు. ఆడపిల్లల ఫైనల్ ఉదయం ఏడింటికి జరిగింది. అది తల్లులందరూ బాక్సులు కట్టే సమయం. ఒక్కరూ రాలేదు. ఆటల పట్టిక వేసేటప్పుడు వంటింటి పట్టికను కూడా పక్కన పెట్టుకోవాలని ఆ ఖాళీ గట్టు చెప్పింది.

2024లో పారిస్‌లో మగవాళ్ల ఫైనల్ ఆగస్టు 9న, ఆడవాళ్లది 10న జరిగాయి. ముగింపు ఆట ఆడవాళ్లది కావడానికి 1996 నుంచి 28 ఏళ్లు పట్టింది. 2028 లాస్ ఏంజెలెస్‌కు ఆడవాళ్ల జట్లు 16, మగవాళ్లవి 12 అని 2025లో నిర్ణయించారు. ఈ అంకెలు ఎవరి ఔదార్యమో కాదు. ఎక్కడో ఒక గదిలో ఎవరో ముసాయిదా కాగితం ముందుకు లాక్కుని, ఈ వేళ మాకెందుకు లేదని అడిగి ఉంటారు. మన కాలేజీల్లో ఆ గదుల తలుపులు మూసి ఏమీ ఉండవు. మనల్ని ఉప్మా లెక్కల్లో ఉంచుతారు, అంతే. ఈసారి కమిటీల జాబితా వచ్చినప్పుడు, మీ పేరు ఎక్కడ రాశారో ఒకసారి చూసుకోండి.